మెహందీ నఖ్రాలు

మొన్న మంగళవారం పొద్దున, అల్వాల్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న ఆసుపత్రిలో, ముప్పై ఏళ్ళు కూడా నిండని డాక్టరమ్మ ఒకమ్మాయి నా గొంతులోకి సన్నటి గొట్టం పోనిచ్చి, నా కడుపు లోపలంతా నాకే తెర మీద చూపించింది. మత్తు ఇస్తానంటే వద్దని మొండికేసింది నేనే. జన్మంతా పశువుల కడుపులకు మందులు రాసి బతికినదాన్ని, తీరా నా కడుపు చూసే అవకాశం వస్తే నిద్రపోతానా? గొంతు మొద్దుబారే మందు కొట్టించుకుని, ఎడమ పక్కకు తిరిగి పడుకుని తెర వైపే చూస్తూ ఉన్నాను. లేత గులాబీ రంగు గోడలు, వాటి మీద తడి మెరుపు, ఊపిరి తీసినప్పుడల్లా మెల్లగా కదిలే మడతలు. అరవై మూడేళ్ళుగా నేను వేసిన ప్రతి ఆవకాయ ముద్దనూ నోరు మెదపకుండా అరిగించిన ఆ చోటు అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు, నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది. అంతలో ఆ గులాబీ రంగు మధ్య శనగబద్దంత తెల్లటి మచ్చ, దాని చుట్టూ ఎర్రటి అంచు కనిపించాయి. పుండు అని ఆ అమ్మాయి చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది.

గొట్టం తీసేశాక మావారిని లోపలికి పిలిచి వివరాలు అడిగింది. ఆయన కొంచెం మొహమాటపడుతూ, ఈ రెండు నెలలుగా అన్నం దగ్గర కూర్చోగానే నాకు చిరాకొస్తోందనీ, రెండు ముద్దలు తిని కంచం తోసేస్తున్నాననీ, పొద్దున్నే ఎవరైనా దగ్గరికొస్తే కసురుతున్నాననీ, వయసు మీద పడింది కదా, చాదస్తమేమో అనుకున్నాననీ చెప్పుకొచ్చారు. నాకు నవ్వాగలేదు. మొద్దుబారిన గొంతుతో నవ్వితే దగ్గొచ్చింది, ఆయన కంగారుపడ్డారు. నవ్వెందుకంటే, ఈ ఫిర్యాదే, ఇంచుమించు ఇవే మాటల్లో, దాదాపు నలభై ఏళ్ళ కిందట బొల్లారంలో ఒకరి గురించి విన్నాను. ఆ ఒకరు ఒక ఆడగుర్రం, పేరు మెహందీ.

నేను కృష్ణా జిల్లా పిల్లను. పశువైద్యం చదువు ముగించుకుని, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా పిన్ని ఇంట్లో దిగి, బొల్లారంలో గుర్రపు స్వారీ నేర్పే ఒక ప్రైవేటు శాలలో మొదటి ఉద్యోగానికి చేరాను. ఆడపిల్ల గుర్రాలకేం వైద్యం చేస్తుందని బంధువులంతా బుగ్గలు నొక్కుకున్న రోజులవి. మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, అప్పట్లో ఆడపిల్ల ఉద్యోగంలో చిన్న తప్పు చేస్తే అది ఆమె తప్పు కాదు, ఆడవాళ్ళందరి తప్పూ అయిపోయేది. అందుకని నేను తప్పే చెయ్యకూడదని ఒట్టు పెట్టుకుని, రోజూ మోపెడ్ మీద వెళ్ళి, పధ్నాలుగు గుర్రాలనూ గబగబా చూసి, పది నిమిషాల్లో కాగితాలు నింపి, తలెత్తుకుని తిరిగొచ్చేదాన్ని.

ఆ శాల యజమాని మిలిటరీలో పనిచేసి దిగిన మనిషి, అందరికీ సాబ్. పొద్దున నాష్టా చేసేదాకా ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు, వెళితే కరుస్తాడని నవ్వుకునేవాళ్ళు. గుర్రాల ఆలనాపాలనా అంతా అరవై దాటిన ఒక సాయిసు చేతిలో ఉండేది. నేను తాతా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. తలపాగా, చంకలో ఎప్పుడూ ఒక పాత గోనెగుడ్డ, నడక కూడా గుర్రాలు బెదరకుండా మెల్లగా. అక్షరం ముక్క రాదు. నేను మాట్లాడుతుంటే నేల చూసేవాడు, గుర్రాన్ని చూసేటప్పుడు మాత్రం రెప్ప వేసేవాడు కాదు.

ఈ ఊరి భాష నాకు అప్పుడు వింతగా ఉండేది. అక్కడ నేను నేర్చుకున్న మొదటి మాట నఖ్రా. లేని గారాలు పోవడం, వగలు పోవడం అన్నమాట. ఆ మాట నాకెంత నచ్చిందంటే, పాలవాడు ఆలస్యం చేసినా నఖ్రాయే, మా పిన్నింట్లో కుళాయి రాకపోయినా నఖ్రాయే. మా పిన్ని ఆ మాట వినలేక చెవులు మూసుకునేది.

మెహందీ గోరింటాకు పండిన రంగులో ఉండేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళను ఎక్కించడానికి దాన్ని మించిన నెమ్మదస్తురాలు శాలలో లేదు. ఒకరోజు దాని ముందు కాలు బెణికింది. నేను చూసి, పుస్తకం ప్రకారం అన్నీ చక్కగా రాశాను. మూడు వారాలు కొట్టంలోనే విశ్రాంతి, కదలిక లేదు కాబట్టి ఒళ్ళు రాకుండా గడ్డి సగానికి సగం తగ్గించాలి, నొప్పి తగ్గడానికి పొడి మందు రెండు పూటలా బెల్లం ముద్దలో పెట్టి ఇవ్వాలి. తాత తలూపి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. నాలుగో రోజున మాత్రం నేను మోపెడ్ తీస్తుంటే దగ్గరికొచ్చి, నేల చూస్తూనే ఒక మాట అడిగాడు.

"ఆ పొడి ఉత్త కడుపుల పడితే దానికేం గాదా, మేడం?"

అంత పెద్ద గుర్రానికి ఆ కాస్త పొడి ఏం చేస్తుంది తాతా అని నవ్వేసి, నేను మోపెడ్ ఎక్కాను. మా చదువులో గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయని ఎక్కడో ఒక వాక్యం ఉన్నట్టు గుర్తు, అది కూడా పరీక్షకు రాదని వదిలేసిన వాక్యం. ఆయన గోనెగుడ్డ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కాలు బాగైంది, నాకు గర్వంగానూ ఉంది, ముందు జాగ్రత్తకని పొడి మాత్రం ఆపించలేదు. మళ్ళీ జీను వేసి స్వారీ మొదలుపెట్టిన దగ్గర నుంచి మెహందీ మనిషి మారిపోయింది. గుర్రాన్ని మనిషి అంటున్నానేమో, ఆ శాలలో అందరం అలాగే అనేవాళ్ళం. పొట్ట కింద జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి, మెడ తిప్పి, పళ్ళు చూపించేది. దాణా పెడితే రెండు బుక్కలు తిని తలుపు వైపు తిరిగి నిలబడేది. సాబ్ ఇదేమిటని అడిగితే, నేను నా కొత్త మాటను ముచ్చటగా వాడుకుని, మూడు వారాలు పనిలేక కూర్చుంది కదా సార్, ఇప్పుడు నఖ్రాలు పోతోంది అన్నాను. అంతటితో ఊరుకోకుండా, దాని కాగితంలో జబ్బేమీ లేదు, పొగరు అని నా చేత్తో నేనే రాశాను.

సరిగ్గా పది రోజులకు, ఒక గురువారం పొద్దున, స్వారీ నేర్చుకోవడానికొచ్చిన ఒకావిడ పట్టీ పట్టుకోబోతే మెహందీ ఆమె జబ్బ కొరికింది. చొక్కా చిరిగింది, చర్మం కమిలింది. సాబ్ ఆ కాగితం చూశాడు. జబ్బు లేకుండా కరిచే గుర్రం తన దగ్గర ఉండడానికి వీల్లేదన్నాడు. పాతబస్తీలో పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయనకు కబురు పెట్టి, ఆదివారం పొద్దున వచ్చి తోలుకుపొమ్మన్నాడు. బరాత్ గుర్రం బతుకేమిటో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, చెవుల పక్కన బ్యాండు, కాళ్ళ కింద టపాకాయలు, గంటల తరబడి తిండి లేకుండా రోడ్డు మీద నిలబడడం.

శుక్రవారం నేను వెళ్ళేసరికి తాత మెహందీ కొట్టం ముందు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నేల చూసే మనిషి ఆ రోజు నా మొహంలోకి చూశాడు. గొంతు పెంచలేదు.

"నఖ్రాలు కడుపు నిండినోళ్ళు చేస్తరు, మేడం. దీని కడుపు కాలుతున్నది. రేపు ఒక్క పూట నా పక్కన కూసోండ్రి. మాట్లాడకుండ్రి, జెర చూడుండ్రి."

నాకు పౌరుషం వచ్చింది, అబద్ధమెందుకు. చదువుకున్నది నేనా ఆయనా అని లోపల రుసరుసలాడుకుంటూనే శనివారం పెందలాడే వెళ్ళాను. ఆయన రెండు బాల్చీలు బోర్లించి ఒకటి నాకు చూపించాడు. నా ఉద్యోగంలో మొదటిసారి, ఒక్క గుర్రం ముందు మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను.

మొదటి పావుగంట నాకేమీ కనబడలేదు, గుర్రం నిలబడి ఉంది, అంతే. తర్వాత ఒక్కొక్కటే కనబడడం మొదలైంది. దాణా పెట్టగానే ఆశగా వచ్చింది, ఆకలి లేకపోవడం కాదు. రెండు బుక్కలు తిన్నాక ఆగి, పై పెదవి మడిచి, తల పక్కకు తిప్పుకుంది. కాసేపటికి ఆవులించింది, మళ్ళీ ఆవులించింది. నిద్రమత్తు గుర్రం ఆవులింత కాదది, దవడ బిగుసుకుపోయినట్టుండే ఆవులింత. ఆ తర్వాత సన్నటి చప్పుడు. తాత వేలెత్తి వినమన్నాడు. నోట్లో ఏమీ లేకుండానే పళ్ళు నూరుతోంది. మెడ తిప్పి ఎడమ డొక్క వైపు చూసుకుంది. దాణా వదిలేసి, తలుపు చెక్కను కొరకడం మొదలుపెట్టింది. ఆ చెక్క అంచు అరచెయ్యి వెడల్పున అరిగిపోయి ఉంది. పది రోజులుగా నేను ఆ తలుపు తీసుకునే లోపలికి వెళ్తున్నాను, దాన్ని చూడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకోకుండా, తన చెయ్యి దాని వీపు మీద వేసి చూపించి, నన్నూ వెయ్యమన్నాడు. వెంట్రుక బిరుసెక్కి ఉంది.

ఇన్నీ చూశాక కూడా నాలో చదువుకున్న పిల్ల ఊరుకోలేదు, ఇవన్నీ కలిపితే కడుపులో పుండని ఎలా చెప్తావు తాతా, పొగరు గుర్రం కూడా పళ్ళు చూపిస్తుంది కదా అని అడిగింది. ఆయన లేచి కొట్టం తలుపు వెనకవైపు చూపించాడు. సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. ఎడమ పక్కన వరుసగా నిలువు గీతలు, కుడి పక్కన సున్నాలు, వాటి మధ్య ఒకే ఒక్క గీత.

కాలు బాగైన రోజు నుంచీ ఆయన రోజుకు రెండుసార్లు జీను పట్టీ బిగించి చూస్తున్నాడట. ఒకసారి పొద్దున్నే ఉత్త కడుపు మీద, ఒకసారి పచ్చగడ్డి అరగంట నమిలాక. పళ్ళు చూపిస్తే గీత, ఊరుకుంటే సున్నా. ఉత్త కడుపు మీద రోజూ గీతే. గడ్డి తిన్నాక ఒక్కరోజు తప్ప అన్నీ సున్నాలే. ఆ ఒక్కరోజు పక్కన బరువు బండి ఏదో వెళ్తే బెదిరిందట, ఆ గీత లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. పొగరుకు పొద్దు, గడ్డి తెలుస్తాయా, నొప్పికే తెలుస్తాయి కదా మేడం అని మెల్లగా చెప్పాడు.

నేను బాల్చీ మీద అలాగే కూర్చుండిపోయాను. ఐదేళ్ళు చదివి నేను నేర్చుకున్న శాస్త్రమంతా ఆ తలుపు వెనక సుద్దముక్కతో రాసి ఉంది. రాసింది అక్షరం రాని మనిషి. అంతటి ఆశ్చర్యం నాకు మళ్ళీ జీవితంలో కలగలేదు. ఆ ఆశ్చర్యం వెనకే రెండో సంగతి నెమ్మదిగా తెలిసొచ్చింది. గడ్డి తగ్గించమన్నది నేను. పొడి వెయ్యమన్నది నేను. నాలుగో రోజు ఆయన అడిగితే నవ్వేసిందీ నేనే.

మనిషి కడుపులో పులుసు, అదే యాసిడ్, ఎక్కువగా తిండి వేళకే ఊరుతుంది. గుర్రానికి అలా కాదు, తిన్నా తినకపోయినా రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే అది పుట్టిందే రోజంతా మేస్తూ తిరగడానికి. దానికి విరుగుడు నోట్లో ఊరే లాలాజలం, అది నమిలితేనే ఊరుతుంది. మేత లేకుండా కట్టేస్తే ఆ పులుసు దాన్నే తింటుంది. ఆ పైన నేనిచ్చిన నొప్పి మందు, కడుపు గోడకున్న కాపుదలను కూడా తీసేసింది. ఇదంతా ఆ శనివారం మధ్యాహ్నం మా పిన్ని ఇంట్లో పుస్తకాల్లో వెతికి, ఆ పరీక్షకు రాని వాక్యాన్ని పట్టుకుని, కూడబలుక్కుని అర్థం చేసుకున్నాను. అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున తాత సాబ్ దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాడు. నాష్టా ముందు వేళ. సాబ్ మొహం చిట్లించుకుంటూనే వచ్చాడు. తాత పట్టీ బిగించాడు, మెహందీ గాల్లోకి కొరికింది. సాబ్ చూశావా అన్నట్టు చెయ్యి విసిరాడు. తాత పట్టీ వదులు చేసి, చంకలోని గోనెగుడ్డ పరిచి, దాని మీద పచ్చగడ్డి పోశాడు. అరగంట ముగ్గురం దాని నమలడం వింటూ నిలబడ్డాం. ఆ అరగంటలోనే బరాత్ గుర్రాలాయన పలుపుతాడు పట్టుకుని గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తర్వాత తాత మళ్ళీ పట్టీ బిగించాడు. మెహందీ ఒక్కసారి తోక విదిలించి, గడ్డి నములుతూ నిలబడింది.

అప్పుడు నేను మాట్లాడాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను, బంధువుల బుగ్గలూ కళ్ళముందు కనిపించాయి. ఆ కాగితంలో రాసింది తప్పనీ, ఇది పొగరు కాదు కడుపులో పుండనీ, అది నేను రాసిన మందు వల్లా నేను తగ్గించిన గడ్డి వల్లా వచ్చిందనీ, తాత మొదట్లోనే అడిగితే నేను వినలేదనీ చెప్పేశాను. సాబ్ నా వైపు చూడలేదు. మెహందీ వైపు చాలాసేపు చూశాడు. జేబులో చెయ్యి పెట్టి, కడుపు మంటకని ఆయన రోజూ చప్పరించే తెల్లటి బిళ్ళ ఒకటి తీసి, దాన్ని చూసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"నాకు సుత నాష్టా ముందట గిట్లనే ఉంటది," అన్నాడు.

అంతే. గేటు దగ్గరున్నాయనకు చాయ్ తాగించి పంపించేశాడు. నా ఉద్యోగం పోలేదు, కానీ ఆ రోజు నుంచి పది నిమిషాల్లో కాగితాలు నింపే అలవాటు పోయింది.

పుండుకు మందు అప్పట్లో గుర్రాల కోసం వేరే దొరికేది కాదు, మనుషుల బిళ్ళలే పూటకు ఇరవై చొప్పున. లాలాగూడలో మందుల షాపతను ఎవరికమ్మా ఇన్ని అని హడలిపోతే, గుర్రానికని చెప్పాను, ఇంకా హడలిపోయాడు. మా పిన్ని సణుక్కుంటూనే వాటిని రోట్లో పొడి చేసి ఇచ్చేది, ఆ తర్వాత ఆ రోటిని ఎన్ని నీళ్ళు పోసి కడిగిందో దేవుడికే తెలియాలి. నొప్పి మందు మానేశాం. దాణా తగ్గించి చిన్న చిన్న పూటలు చేశాం, ముందర గడ్డి ఎప్పుడూ ఉండేలా చూశాం, పగలంతా బయట తిరగనిచ్చాం. పూర్వం విషం దాచి పెట్టిన ఆ బెల్లం ముద్దలోనే ఇప్పుడు మందు పెట్టి ఇస్తుంటే మెహందీ ఏ అనుమానమూ లేకుండా నా అరచేతిలోంచి తినేది. నాకు కళ్ళు చెమర్చేవి.

నాలుగో వారంలో ఒకరోజు నేను మోపెడ్ ఆపుతుండగానే లోపల్నించి ధనాధన్‌మని చప్పుడు వినిపించింది. పరుగున వెళితే, తాత బోర్లించిన బాల్చీ మీద కూర్చుని నవ్వుతున్నాడు. మెహందీ దాణా అంతా తిని, ఖాళీ బాల్చీ అడుగు నాకి, ఇంకా పెట్టమని దాన్ని ముక్కుతో గోడకేసి కొడుతోంది. నాకు గుర్తున్నంతలో అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

కొన్నేళ్ళకు తాతకు చూపు మందగించి, పని మానుకుని మేడ్చల్ దగ్గర కూతురింటికి వెళ్ళిపోతున్నప్పుడు, ఇన్నాళ్ళూ అడగలేనిది అడిగాను. నాలుగో రోజున నేను నవ్వేసినప్పుడు కాకపోయినా, నఖ్రా అని సాబ్‌కు చెప్పినప్పుడైనా నా తప్పు నా మొహం మీద ఎందుకు చెప్పలేదని. ఆయన మెహందీ మెడ నిమిరాడు.

"కొత్తగ నేర్సుకున్న మాట గద బిడ్డా, ఎంత మురిసిపోతుంటివి. ఎట్ల గుంజుకోవాలె?"

ఇప్పుడు ఆ శాల లేదు. ఆ స్థలంలో పెద్ద ఫంక్షన్ హాలు కట్టారు, లగ్గాల రోజుల్లో దాని గేటు ముందు బరాత్ గుర్రాలు వరుసగా నిలబడి ఉంటాయి. అటు వెళ్ళినప్పుడల్లా ఆటో ఆపించి, వాటి చెవులూ దవడలూ చూసి, తోలేవాళ్ళకు ఒకటికి రెండుసార్లు గడ్డి గురించి చెప్పి, వాళ్ళ విసుగు మొహాలు చూసి వస్తుంటాను. పోయినేడు నా దగ్గర పని నేర్చుకున్న ఒకబ్బాయి, ఇప్పుడు పెద్ద డాక్టరు, మూడు మీటర్ల గొట్టంతో గుర్రం కడుపు చూపిస్తానని పిలిచాడు. తెర మీద ఆ కడుపు ఒక మండపమంత కనిపించింది. పైన తెల్లటి గోడ, కింద గులాబీ గోడ, రెండూ కలిసే గీత వెంబడి ఎర్రటి పుండ్లు. నలభై ఏళ్ళ కిందట బోర్లించిన బాల్చీ మీద కూర్చుని తాత బయటి నుంచి చూసింది దీన్నా అనుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆ అబ్బాయి చాలా తెలివైనవాడు, పరీక్ష ఐదు నిమిషాల్లో ముగించి, ఇంకో శాలకు వెళ్ళాలని కారెక్కేశాడు. ఆ గుర్రం దాణా ఎలా తింటుందో చూశావా అని అడుగుదామనుకున్నాను, అప్పటికే కారు గేటు దాటింది.

మొన్న ఆసుపత్రి నుంచి వచ్చాక మావారికి ఈ కథంతా చెప్పాను. సాయంత్రం నేను చారన్నం తింటుంటే ఆయన టీవీ కట్టేసి, కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ఎందుకలా చూస్తున్నారంటే, ఊరికే అన్నారు.

ఆ ఆదివారం తర్వాత ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ గుర్రాన్నీ, ఏ గొడ్డునూ, ఏ కుక్కనూ నేను నఖ్రా అనలేదు. ఈ రెండు నెలలుగా ఉత్త కడుపు మీద మోకాళ్ళ నొప్పుల మాత్ర మింగి, ఛాతీ కింద మంట లేచినప్పుడల్లా, ముసలి నఖ్రాలు చాల్లే అని నన్ను నేనే కసురుకున్నాను. పక్కన బాల్చీ బోర్లించుకుని కూర్చుని, కాదు బిడ్డా అని చెప్పడానికి తాత లేడు.